బాపట్లలో ఉచిత నడక

“గైడుగారూ, ఇదే మేడ ముందు నుంచి మమ్మల్ని మూడోసారి తీసుకెళ్తున్నారు!”

బాపట్లలో ఉచిత నడక యాత్ర ఆగిపోయింది. తెనాలి నుంచి వచ్చిన పదిమందీ గైడును చుట్టుముట్టారు.

“ప్రతిసారీ కొత్త చరిత్రే చెప్పాను కదండీ.”

“మేడ మొదట జమీందారుది, తర్వాత డచ్చివాళ్లది, ఇప్పుడేమో మీ మావగారిదా?”

“ఆస్తులు చేతులు మారుతుంటాయండి.”

“స్టేషన్లో ఇద్దరు గైడులుంటే, పెద్దవారని మిమ్మల్ని ఎంచుకున్నాను. సముద్రం చూపించకుండా రైలెక్కిస్తే మా ఆవిడ తెనాలి దాకా నన్ను బతకనివ్వదు. అసలు ఈ వీధిలోనే ఎందుకు తిప్పుతున్నారు?”

“మా ఇల్లు ఇక్కడేనండి. షుగరొచ్చిందని డాక్టరు రోజూ గంట నడవమన్నాడు. ఒంటరిగా నడిస్తే కుక్కలు తరుముతున్నాయి. ఉచితమంటే తప్ప నాకు తోడెవరొస్తారండి?”