అవ్వంటే ఎవరనుకున్నాను

రాజీనామా చెయ్యాలంట, ఆంటీ! నేను! మన తెలుగమ్మాయిల సంఘానికి, మందారం సిస్టర్స్‌కి, నార్తాంప్టన్‌లో చాప్టర్ పెట్టిందే నేను. ఇవాళ నన్నే దిగిపొమ్మంటున్నారు. ఎవరు? ఆ ప్రఫుల్ల! హీత్రూలో దిగి సూట్‌కేసు మీద కూర్చుని ఏడుస్తుంటే తీసుకొచ్చి గది చూపించింది నేను. ఇప్పుడు శుక్రవారం ఎలక్షన్‌లో నామీదే నిలబడుతోంది.

వద్దండీ, టీ వద్దు. మీకు హాస్పిటల్‌కి టైమవుతోందని తెలుసు. రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతా. మీరు మా ప్యాట్రన్. శాంతా ఆంటీ ఒక్క మాటంటే ఆ అమ్మాయిలంతా నోరు మూసుకుంటారు.

ప్రవల్లిక తెలుసుగా? కొత్తగా చేరిన పిల్ల, జగిత్యాల వైపు. మొన్న శనివారం యానివర్సరీలో కోలాటం ముందు వరసలో వేసిందే, ఆ పిల్లే. బాగా చేసింది కదూ? మీరూ చప్పట్లు కొట్టారు, నేను చూశాను.

రిహార్సల్స్ మొదలయ్యాయో లేదో, వచ్చి నిలబడింది. "పెద్దక్కా, మా అవ్వకు పానం మంచిగలేదు, ఇంటికి పోయొస్త" అంది. ప్రెసిడెంట్‌ని పెద్దక్క అనాలి, అది మా పద్ధతి. సరే, అవ్వ. అవ్వంటే ఎవరండీ? ముసలావిడ! మా తెనాలిలో చంటిపిల్లాడినడిగినా చెబుతాడు. ఏ నాన్నమ్మో అనుకున్నాను. ముసలాళ్ళకి కాకపోతే జబ్బులు మనకొస్తాయా?

కుదరదన్నాను. "వెళ్తానంటే వెళ్ళు తల్లీ, కానీ మనం అద్దెకి తీసుకున్న ఇంట్లో గదులు చాప్టర్ అమ్మాయిలకే. నీ సామాను కూడా సర్దుకుని వెళ్ళు" అన్నాను. ఏం, తప్పా? ఒకర్ని వదిలితే రేపు అందరి అవ్వలూ మంచమెక్కుతారు.

అదే ఫేస్‌బుక్‌లో కూడా పెట్టాను, సరదాకి. మా పేజీలో నెలనెలా చాప్టర్ వార్తలు రాసేది నేనే కదా. "కోలాటం రిహార్సల్స్ మొదలయ్యాయి. వెంటనే ఇండియాలో అవ్వలకి జబ్బులు కూడా మొదలయ్యాయి. అవ్వలందరూ యానివర్సరీ దాకా ఓపిక పట్టవలసిందిగా మనవి." అబ్బా, ఎంత నవ్వుకున్నారో! ప్రఫుల్ల కూడా పడీ పడీ నవ్వింది. ఇప్పుడు నాకు మానవత్వం నేర్పుతోంది మహాతల్లి.

ప్రవల్లికా? ప్రయాణం మానుకుంది. ఆ రోజు నుంచి ఇంకా బాగా వేసింది. పళ్ళు కనబడేట్టు నవ్వవే అంటే నవ్వింది.

మొన్న షో అయ్యాక చెప్పాను, మీ అవ్వ పోయిందంట అని. మేకప్ కూడా తియ్యలేదు, అక్కడే నేలమీద కూలబడింది. అందరి ముందూ, "అవ్వంటే మా అమ్మ, పెద్దక్కా. మీకు ఎరుకే అనుకున్న. ఎరుకుండే నవ్వుతున్నరనుకున్న" అంది. అమ్మని అవ్వంటారా ఎక్కడైనా? నాకేం తెలుసండీ? నన్ను కొట్టినా, చంపినా, నాకు తెలీదు!

ఏంటాంటీ, అలా చూస్తారు? ...ఓ. మీరూ మీ అమ్మగారిని అవ్వ అనే పిలిచేవారా? అయ్యో, మీ మాటలో ఎక్కడా తెలీదే! డాక్టరుగారు కదా, మీరలా అంటారనుకోలేదు.

ఫోనా? ఆహా, ప్రఫుల్ల అప్పుడే మోసేసిందన్నమాట. అవునండీ, షోకి ముందు అందరి ఫోన్లూ బుట్టలో పెట్టిస్తాను, ఎప్పుడూ అంతే. ప్రవల్లికది ఒకటే మోత. విసుగొచ్చి ఎత్తాను. వాళ్ళ నాన్న. నేనే ప్రవల్లికననుకున్నాడు. "మీ అవ్వ పోయింది బిడ్డా" అని ఒకటే ఏడుపు. నేను కాదండీ అని చెప్పచ్చు. కానీ అవతల స్టేజి మీద మా పేరు పిలిచేస్తున్నారు! ఊఁ అన్నాను, పెట్టేశాను.

ఇప్పుడాయన కూతుర్ని అడుగుతున్నాడంట, "నేను ఏడుస్తుంటే ఊఁ అని ఫోన్ పెట్టేస్తివి గదనే" అని. దానికి నేనేం చెయ్యను? ఆయన చూసుకుని మాట్లాడొద్దూ?

ఇంకేమన్నాడా? ఏమో, గుర్తులేదు... "ఇన్నేండ్లు నాతోని కాపురం జేసి, నిన్నే యాది జేసుకుంట పాయె" అన్నాడు.

అవును. కాపురం అనే అన్నాడు.

సరే ఆంటీ, తెలిసింది! అప్పుడే తెలిసింది, చాలా? హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి ముందు వరసలో ఖాళీ చూపించమంటారా? పోయినావిడ ఎలాగూ పోయింది. ఆ కాసేపట్లో చెబితే లేచొస్తుందా? కర్రలు ఆ పిల్ల చేతిలో పెట్టాను, జడలో పూలు జారుతుంటే పిన్ను కూడా నేనే గుచ్చాను. నవ్వు అన్నాను. నవ్వింది.

తలుపెందుకు తీశారు? చలి గాలి వస్తోంది.

వెళ్తానండీ, వెళ్తాను. శుక్రవారం మీరొస్తే వచ్చారు, లేకపోతే లేదు. కానీ ఒక్కటి చెప్పండి. ఆ మొదటి రోజే "అమ్మ" అనుంటే ఏం పోయేది ఆ పిల్లకి?