సముద్రం రాని ఊళ్లో

తీరం దాటి నీరసించిన తుఫాను భిలాయి మీద కురుస్తోంది. ప్లాంటు క్వార్టరులో అత్త తన మనవణ్ణి చీరకొంగుతో నడుముకు కట్టుకుని కూర్చుంది. కోడలికి నవ్వొచ్చింది.

“ఏటత్తా ఇది? తుఫాను కమ్‌జోర్ పడిపోనాదని రేడియోలో సెప్పినారు కదా!”

“సెప్పనీ. నువ్వా రేకుల వంటింట్లోకి ఎల్లకు. ఈ స్లాబు కిందే ఉండు.”

“ఉంటాన్లే. ఇక్కడికి సముద్రం రాదు కదా, పిల్లోణ్ణి ఇప్పు.”

“రాదని తెల్సు. ఈ గాలి ఇంటే నా సెయ్యి ఊరుకోదే.”

“మీ ఊళ్లో ఇలాగే కట్టుకునేవోరా?”

“ఉప్పెనొచ్చినప్పుడు నీ మొగుణ్ణి ఇలాగే కట్టుకున్నాను. అప్పుడాడు ఇంతే ఉండీవోడు.”

“మరి ఆయన చెల్లెల్ని?”

“కొంగు ఒక్కలికే సరిపోనాది.”

కోడలు పెట్టెలోంచి మరో చీర తెచ్చి అత్త చేతికిచ్చి, గుమ్మంలో వాన చూస్తున్న కూతుర్ని లోపలికి పిలిచింది.