పగడం తొట్టి అప్పగింత

పెద్ద కుర్చీలో ఉన్న ప్రిన్సిపాల్ రంగనాథ్ సారుకు, జువాలజీ శివజ్యోతి మేడంకు, ముందు వరుస పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన నా తోటి అటెండర్లకు కంబన్న దండాలు. ఈ రోజుతో మన కాలేజీలో నా ఉద్యోగం అయిపోతాది. నేను ఐదో తరగతి దాటలేదు. మాటలో తప్పుంటే మీరే సర్దుకోండి, నేను మాత్రం సర్దుకోను. (నవ్వులు)

ఇరవై రెండేండ్ల కింద సముద్ర పరిశోధన వాళ్లు అనుమతి కాగితంతో పిడికెడంత పగడం ముక్కను మేడంకు ఇస్తూ, ఈ ఎండల సీమలో పది దినాలు బతకదన్నారు; ఇప్పుడది మన ఉప్పునీళ్ల తొట్టిలో, నా చేతి కింద, గుమ్మడికాయంత అయింది. చూసేవాళ్లకు అది రాయి. నిజానికి వేలకొద్దీ చిన్న ప్రాణాలు కలిసి కట్టుకున్న ఇల్లు, వాటి ఒంట్లోని నాచు వెలుతురుతో వాటికి కూడు వండిపెడుతుంది. సముద్రంలో వందలేండ్లు బతుకుతుందట. "ఉంగరంలో పెట్టేది ఇదేనా?" అని అడిగినోళ్లందరికీ ఒకటే చెప్పినాను: "దీనికి నోరూ ఉండాదప్పా, ఆకలీ ఉండాది."

ఇందాక ఇక్కడ నా గురించి మాట్లాడిన వీరభద్ర సారు, కంబన్న వేలు ముంచి నాకితే చాలు, నీళ్లలో ఉప్పెంతో చెప్తాడని పొగిడారు. అది విని ఊరుకోలేను. పద్నాలుగేండ్ల కింద ఎండాకాలం ఒంట్లోని నాచు పోయి పగడం సున్నం మాదిరి తెల్లబడితే, కరెంటు పోయి నీళ్లు కాగినాయని అందరూ అనుకున్నారు. కాదు. తొట్టిలో నీళ్లు తగ్గితే ఉప్పు కూడా తగ్గిందనుకుని, మేడం ఇచ్చిన ఉప్పు కొలిచే సాధనాన్ని బీరువాలో పడేసి, నా నాలుకను నమ్మి రోజూ ఉప్పునీళ్లే పోసినాను. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అట్లే ఉంటుంది; నేను పోసేకొద్దీ ఉప్పెక్కువైంది. మేడం కొలిచి చూసి నన్ను పక్కకు పిలిచి, "నీ చేతులతోనే ఇట్లయింది కంబన్నా, ఆ చేతులతోనే బాగు చెయ్" అని మాత్రం అన్నారు. పై ఆఫీసుకు రాసిన కాగితంలో తప్పు తన మీద వేసుకున్నారు. నాలుగు నెలలకు ఒక మూల నాచు గోధుమ రంగు తిరిగొచ్చిన రోజు తొట్టి వెనక కూర్చుని ఏడ్చినాను. మేడం, తల ఎత్తండి. ఈ మాట నేను ఎప్పుడో చెప్పాల్సింది.

నా జాగాలోకి వచ్చిన మద్దమ్మా, ముందుకు రా. రేపటినుంచి తొట్టి నీది. నిన్న నువ్వు కూడా వేలు ముంచి నాకినావా లేదా?

"నాకినా పెద్దయ్యా, నీ దగ్గర నేర్చిందే!" (నవ్వులు)

అది మరిచిపో తల్లీ. కొలిచి చూడు. తగ్గినన్ని నీళ్లు, ఉప్పులేనివే పొయ్యి.

ప్రిన్సిపాల్ సారూ, అప్పుడప్పుడు వచ్చి చూసిపొమ్మన్నారు, మీ దయ. మూడు నెలలు నేనీ గడప తొక్కను. వస్తే ఈమె నా మొగం చూస్తాది, నీళ్లను చూడదు. నాకు కష్టమే, పగడానికి మంచిది. ఇంతసేపు ఓర్చుకుని విన్నారు, సంతోషం. సెలవు.