ఎడమచేతిలో కత్తెర

ఒకటి తేడా వస్తోందా? కూర్చో ముందు, నిలబడి అడిగే సంగతి కాదిది. ఆ స్టూలు కాదమ్మా, దానికో కాలు ఊగుతుంది, ఇటు కుర్చీ లాక్కో. వార్షిక నివేదికలన్నీ ముందేసుకుని కూడుతున్నావని గుమస్తా చెప్పినప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల ఇవాళో రేపో నా దగ్గరికి వచ్చి కూర్చుంటుందని. నివేదికలో గుర్తు తెలియని ఫొటోలు ఒకటి ఎక్కువ, సాక్షుల చీటీల్లో రెండు నంబర్లు లేవు. అంతేగా? మళ్ళీ కూడకు, నీ కూడికలో తప్పు లేదు. ఆ తప్పు చేసింది అక్కయ్యగారు. అవును, ఆవిడే, సంఘం ఫొటోలన్నీ చూసుకున్న భూతద్దం అక్కయ్యగారు. ఎలా ఉండేవారంటే ఏం చెప్పను? ఊళ్ళోవాళ్ళందరి ఫొటోలూ దాచిపెట్టారు గానీ ఆవిడ ఫొటో మాత్రం సంఘంలో ఒక్కటీ లేదు. పొడుగ్గా, పీలగా ఉండేవారు, మెళ్ళో దారం కట్టిన భూతద్దం, చెవిమీద పెన్సిలు. ముక్కు మీద కోపం. ఎవరైనా ఫొటోని వేళ్ళతో పట్టుకున్నారా, ఇంక వాళ్ళ పని అయిపోయినట్టే. "అంచులు పట్టుకో నాయనా, అది నీ చొక్కా కాదు" అనేవారు. కార్యదర్శిగారిని కూడా అలాగే అన్నారు ఒకసారి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఊరంతా ఆయనకి భయపడేది, ఆయనేమో ఆవిడకి భయపడేవారు.

ఇప్పుడంటే మీకు మేడలూ మెషిన్లూ వచ్చాయి. అప్పుడు బయట "రాష్ట్ర చరిత్ర సంఘం" అని ఇంత బోర్డు, లోపల రెండు గదులూ ఒక వసారా. ఏడాదికోసారి పది రోజులు తలుపుకి "తనిఖీ" అని కాగితం అంటించి మూసేసేవాళ్ళం. ప్రతి పెట్టే దించడం, ప్రతి కాగితం రిజిస్టరుతో సరిచూడటం, చిరిగినవన్నీ నా బల్లమీదకి తోసెయ్యడం. ఆ పది రోజులూ నా తల ప్రాణం తోకకి వచ్చేదనుకో. ఇప్పటికీ వస్తున్నానుగా ఆ పది రోజులకి, రిటైరై పన్నెండేళ్ళయినా. ఇంట్లో మా ఆవిడ అంటుంది, "జీతం ఇచ్చినప్పుడు కూడా ఇంత పొద్దున్నే వెళ్ళలేదు మీరు" అని. సరే, పదకొండో రోజు సర్వసభ్య సమావేశం. కార్యదర్శిగారు గొంతు సవరించుకుని, "ఈ సంవత్సరమూ... మన సంఘమూ..." అని ఒక్కో అక్షరాన్నీ నమిలి నమిలి నివేదిక చదివేవారు. మొదటి పేజీ తిప్పేసరికి ముందు వరసలో ఇద్దరు గురక. కానీ జనం నివేదిక కోసం వచ్చేవాళ్ళు కాదమ్మా, గోడ కోసం వచ్చేవాళ్ళు.

ఆ గోడ అక్కయ్యగారు పెట్టిందే. పేరు తెలియని వాళ్ళ ఫొటోలన్నీ ఆ ఒక్కరోజు వసారా గోడకి వరసగా తగిలించేవాళ్ళం. ఊరంతా వచ్చి చూడటమే. "ఇదిగో, ఈయన మా పోస్ట్‌మాస్టరు!" "ఈవిడ మా చిన్నత్త కాదూ, ఆ ముక్కు చూడు!" అని ఒకటే గోల. అయితే ఆవిడకో కట్టుబాటు ఉండేది. ఒకరు చెబితే రాయకూడదు. ఒకరికొకరు తెలియని ఇద్దరు, విడివిడిగా, ఒకే పేరు చెప్పాలి. చెప్పిందల్లా చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. అప్పుడే ఫొటో వెనక, మూలకి, మెత్తటి పెన్సిల్‌తో పేరు ఎక్కేది. ఎందుకంత పట్టింపు అంటావా? మొదట్లో ఒకసారి గుబురు మీసాల ఆయన ఫొటో కోసం ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకున్నారు. "మా తాత" అని ఒకాయన, "నోరుముయ్, మా తాత" అని ఇంకొకాయన. ఇద్దరి ఇళ్ళల్లోనూ అదే ఫొటో ఉందట, పండగలాంటి రోజుల్లో దానికి దండాలు కూడా పెట్టుకుంటున్నారట. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, "ఈయన ఎవరి తాతా కాడండీ, ఫ్రేములు అమ్మేవాడు ఖాళీగా ఉంటే బాగుండదని లోపల పెట్టిచ్చిన బొమ్మ" అన్నారు. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని కలిసే వెళ్ళిపోయారు పాపం. ఆ రోజు నుంచీ ఇద్దరు చెప్పాల్సిందే. మాకు ఆవిడ నేర్పిందీ అదే. "మొహాలు చూడకండి, మొహంలో మనకి కావలసినవాళ్ళు కనబడతారు. చేతులు చూడండి, పక్కనున్న వస్తువులు చూడండి" అనేవారు. నేను చేతులే చూశాను మరి. అదే వచ్చిన చిక్కు.

నేను బైండరుగా చేరిన ఏడాదే. ఇరవై ఏడేళ్ళు నాకు. మూతపడిన స్టూడియో వాళ్ళ పెట్టె ఒకటి వచ్చింది, అట్టలకి అతికించమని ఫొటోలు నాకిచ్చారు. మూడోదో నాలుగోదో తీశాను. కుట్టుమిషను ముందు ఒకావిడ కూర్చుని ఉంది, ఎవరో పిలిస్తే తలెత్తినట్టు చూస్తోంది, నవ్వబోయి ఆగింది. ఎడమచేతిలో కత్తెర. జిగురు గిన్నెలో నా కుంచె అలాగే ఉండిపోయింది. నీకు తెలియదు కదూ, మా అమ్మ నాకు ఏడాదిన్నర ఉండగా పోయింది. ఫొటో లేదు. మా నాన్న ఆవిడ మాటే ఎత్తేవాడు కాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎడమచేత్తో రాస్తున్నానని బళ్ళో మాస్టరు వేళ్ళమీద కొడితే మా నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి, "వదిలెయ్యండి మాస్టారూ, వాళ్ళమ్మది ఎడమచేతి వాటమే" అన్నాడు. అంతే. నాకు మా అమ్మ అంటే ఆ ఒక్క మాటే. ఆ తర్వాత మా మేనత్తని పీడించి పీడించి అడిగితే, చుట్టుపక్కల వాళ్ళకి బట్టలు కుట్టేదిరా అంది. ఎడమచేయి, కుట్టు. ఇంకేం కావాలి నాకు? ఫొటో తీసుకుని అక్కయ్యగారి దగ్గరికి పరిగెత్తాను.

"అక్కయ్యగారూ, ఈవిడ మా అమ్మ" అన్నాను. నవ్వలేదు, కోప్పడలేదు. "నువ్వు చూశావా మీ అమ్మని?" అన్నారు. ఊహ తెలిశాక చూడలేదన్నాను. "మరి?" అన్నారు. ఇదీ సంగతి అని చెప్పాను, మాస్టరు సంగతీ మేనత్త సంగతీ అన్నీ. భూతద్దం తీసి చూశారు. చాలాసేపు చూశారమ్మా. తర్వాత అద్దం తుడిచారు, మళ్ళీ చూశారు. నా మొహం కూడా చూశారు. చివరికి అన్నారు కదా, "ఒకరు చెప్పారు. ఇంకొకరు చెప్పాలి. అందాకా గోడ మీద ఉంటుంది" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. రాయి గుండె అనుకున్నాను. నెల రోజులు మాట్లాడలేదు. బైండింగు కాగితాలు బల్లమీద పడేసి వచ్చేసేవాణ్ణి, దెబ్బలాడిన అల్లుడిలాగా. ఆ ఏడు గోడకి ఫొటోలు తగిలించే రోజు వచ్చి చూద్దును కదా, అన్నిటికంటే ముందు, కంటికి ఎదురుగా, వెలుగు బాగా పడేచోట ఆ ఫొటోనే పెట్టారు. "ఇక్కడైతే ఎవరికైనా కనిపిస్తుంది" అన్నారు. దాంతో నా కోపం దిగిపోయింది. ప్రతి ఏడూ అక్కడే. నేనే తగిలించేవాణ్ణి. పక్కన నిలబడి వచ్చేవాళ్ళ మొహాలు చూసేవాణ్ణి, ఎవరైనా ఆగుతారేమో, మా అమ్మ పేరు ఎత్తుతారేమో అని. ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తలేదనే అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు.

మంచినీళ్ళు ఇలా ఇవ్వు. ఆఁ.

పంతొమ్మిదో ఏడు సమావేశం అయిన నెలకి అక్కయ్యగారు పోయారు. పనిలో ఉండగానే, రెండ్రోజుల జ్వరంతో. నాకు అప్పుడు ఏడుపు రాలేదు. ఆవిడ తనిఖీ రిజిస్టరు వీపు ఊడిపోయింది, మళ్ళీ కట్టమని ఇచ్చారు, అప్పుడు వచ్చింది. ఎందుకంటే ఆ రిజిస్టరు మొదట కట్టింది నేనే. "వెనక అట్టకి లోపలివైపు ఒక జేబు కుట్టి పెట్టవయ్యా బైండరూ" అని ఆవిడ అడిగితే కుట్టి ఇచ్చాను. దేనికని అడిగితే, "ఆడవాళ్ళకి సవాలక్ష ఉంటాయి, నీకెందుకు" అన్నారు. ఆ జేబులో ఒక కవరు ఉంది. ఇదిగో, ఇదే. పట్టుకో. అంచులు పట్టుకో. లోపల నీకు దొరకని రెండు చీటీలూ ఉన్నాయి. తేదీ చూడు, నేను చేరిన ఆరో ఏడు. ఒకటి హాస్పిటల్లో పనిచేసే నర్సు రాసింది, ఒకటి ఒక టైలరు రాసింది. ఇద్దరూ వేరే వేరే ఏళ్ళల్లో ఆ ఫొటోలో ఉన్నావిడ దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళు, ఒకరికొకరు తెలియదు. ఇద్దరూ ఒకటే పేరు. "మా కుట్టు టీచరు" అని. పేరు నువ్వే చదువుకో, నాచేత చదివించకు.

ఇక ఆ మడత కాగితం. అది ఆవిడ చేతిరాత. మొదటి ముక్క నేను ఫొటో తీసుకెళ్ళిన రోజుదే. "నెగెటివు గాజు ప్లేటు తిరగేసి ప్రింటు వేశారు, కుడి ఎడమయింది. మిషను చక్రం మనిషికి కుడివైపు ఉండాలి, ఎడమవైపు ఉంది. కత్తెర ఉన్నది కుడిచేతిలో. బైండరుకి చెప్పలేకపోయాను. వచ్చే ఏడు చెబుతాను." చూశావా, మొదటి రోజే తెలుసమ్మా ఆవిడకి! కుట్టుమిషను చక్రం ఎటు ఉంటుందో ఎవరికి తెలియదు? సూదీ దారంతో బతికేవాణ్ణి నాకు తెలియదా? పంతొమ్మిదేళ్ళు దాని పక్కనే నిలబడ్డాను, చక్రం చూడలేదు. కత్తెరే చూశాను. ఇక కిందికి చదువు. "వచ్చే ఏడు చెబుతాను." దాని కింద మళ్ళీ ఏడు, "వచ్చే ఏడు చెబుతాను." ఆరో ఏడు దగ్గర మాత్రం, "ఇద్దరూ చెప్పారు. రాయాలి. రాయలేదు. వచ్చే ఏడు." ఇద్దరు చెబితే రాసితీరాలని ఒంటికాలి మీద లేచే మనిషి! నివేదికలో ఒక్క అంకె తప్పుపడితే కార్యదర్శిగారి చేత రాత్రికి రాత్రి మళ్ళీ టైపు చేయించిన మనిషి! ఏటా ఒకటి ఎక్కువ రాసి, తలవంచుకుని కూర్చుని, ఆయన గట్టిగా చదువుతుంటే వినేది. నాకోసం. నేనేమో ఆవిడది రాయి గుండె అనుకున్నాను.

లెక్కపెట్టావా? పంతొమ్మిది. అక్కడితో ఆగదు, కాగితం తిప్పు. అవతలివైపు రాత ఎవరిదంటావా? ఎడమపక్కకి వాలిపోయి ఉందిగా, ఎవరిదై ఉంటుంది. నాదే. "వచ్చే ఏడు ఇచ్చేస్తాను." ఇరవై ఆరు ఉంటాయి. ఏం చెయ్యనమ్మా. మా అమ్మ కాదని తెలుసు. తెలిసినా ప్రతి ఏడూ ఆ ఫొటో పెట్టెలోంచి తీసి, దుమ్ము తుడిచి, వెలుగులో తగిలించి, రోజంతా ఎదురుగా కూర్చునేవాణ్ణి. కళ్ళు మూసుకుని అమ్మా అనుకుంటే ఇప్పటికీ ఈ మొహమే వస్తుంది నాకు. ఇంకోటి రాదు, ఇంకోటి లేదు.

మరి ఇప్పుడెందుకు ఇస్తున్నానంటావా? కిందటేడు గోడ దగ్గరికి ఒక ముసలావిడ వచ్చింది. కర్ర పట్టుకుని, మనవరాలి భుజం మీద చెయ్యేసుకుని. ఆ ఫొటో ముందు ఆగిపోయింది. "టీచరుగారూ" అంది. ఫొటోతోనే అంది. తర్వాత చుట్టూ చూసి, "నేనెప్పుడో చీటీ రాసిచ్చాను, ఇంకా పేరు వెయ్యలేదేం? ఆవిడకి పిల్లా పీచూ లేరు, మేము తప్ప ఎవరు చెబుతారు?" అంది. ఆ నర్సే. ఎనభై తొమ్మిదట. టైలరమ్మ ఎప్పుడో పోయింది, ఈవిడ కొడుకు ఉద్యోగం వెంట ఊళ్ళు తిరిగి ఇన్నాళ్ళకి వచ్చింది. నేను తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను, డెబ్భై ఒక్క ఏళ్ళ వెధవని, పలక పగలగొట్టిన పిల్లాడిలా. ఎల్లుండి సమావేశానికి మళ్ళీ వస్తానని ఉత్తరం రాసిందట, గుమస్తా చూపించాడు. నాకు అమ్మ కావాలని ఆ టీచరమ్మని నలభై అయిదేళ్ళు పేరు లేకుండా నిలబెట్టాను. ఇంక చాలు. అదిగో ఫొటో, నీ పక్కనే. వెనక్కి తిప్పు. మూలకి, కిందవైపు. మెత్తటి పెన్సిలేనా? గట్టిగా నొక్కకు, ముందువైపు గీత పడుతుంది, మొహం మీద పడుతుంది.

అయిందా? ఇంటిపేరు కూడా రాశావా? మంచిది. ఈసారి నివేదికలో ఒకటి తగ్గించు, అక్కయ్యగారు సంతోషిస్తారు. ఆ గాజు ప్లేటు మూడో బీరువాలో ఉంది, సరిగ్గా తిప్పి కొత్త ప్రింటు వేయించండి, కత్తెర కుడిచేతిలోకి వస్తుంది. అలా చూస్తేనే ఆ నర్సమ్మకి తృప్తి. మరి... ఈ తిరగబడ్డది సంఘానికి ఇంకెందుకూ పనికి రాదుగా? అంటే, ఊరికే అడుగుతున్నాను, ఇలాంటివి రిజిస్టరులోంచి కొట్టేస్తారా, బయటికి ఇస్తారా, ఏం చేస్తారు? కాదులే, వద్దులే. నువ్వు కొత్తగా చేరావు, నీకు మాట వస్తుంది. వచ్చే ఏడు అడుగుతాను. ఆ కిటికీ వెయ్యమ్మా, చీటీలు ఎగురుతున్నాయి.