గోడగారి ముప్పావు కప్పు

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడో తేదీ, సోమవారం ఉదయం, జాతీయ రగ్బీ సంఘంలో సహాయ శిక్షకులుగా బాధ్యతలు స్వీకరించడానికి వచ్చిన మాన్యులు గోడగారు, పక్కకు తిరిగితే గాని ఆఫీసు తలుపులో పట్టలేదు. అంతటి భుజాలు మరి. ఆడే రోజుల్లో ఎనిమిది మంది ఏకమై తోసినా అంగుళం కదలని మనిషని తోటి ఆటగాళ్లు పెట్టిన ఆ పేరే స్థిరపడిపోయి, అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

వారి బంధువర్గంలో స్క్రమ్ అంటే కొట్లాటే అని నేటికీ నమ్మేవారు ఉన్నారు గనుక (ముఖ్యంగా వారి వియ్యపురాలు) ఒక్క మాట చెప్పాలి. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది భుజాలు పెనవేసుకుని, వంగి, తలలు ఇరికించుకుని తోసుకుంటారు. మధ్యలో వేసిన బంతిని ముందు వరుసలో నడిమి ఆటగాడు కాలితో వెనక్కి లాగాలి. అతన్ని హుకర్ అంటారు. రెండో నంబరు జెర్సీ అతనిది. అతని నడుం వంకర పోయిందా, వెనకున్న వాళ్ల బలమంతా నేలపాలే.

తొంభై ఎనిమిదిలో స్క్రమ్ శిక్షకులుగా, రెండు వేల ఏడులో జట్టు ఎంపిక సంఘం అధ్యక్షులుగా పదోన్నతి పొందిన గోడగారు ప్రవేశపెట్టిన పరీక్ష లోకవిదితం. ఆటగాడు వంగి తోపుడు యంత్రానికి భుజం ఆనించాలి. నడుం మీద సాసరు, సాసరులో టీ కప్పు పెడతారు. అరవై లెక్కపెట్టేలోగా చుక్క ఒలికిందా, జట్టులో చోటు లేదు. కప్పుకు కొలత ముప్పావు, అందరికీ అదే. పెట్టేది మనుషుల మీద కనుక టీ చల్లార్చి కప్పులో పోయడం టీ గది మామ్మ పని. ఒలకని టీ ఆటగాడిదే. ఆ టీ కోసమే మూడేళ్లు వరసగా పరీక్షకు వచ్చిన మహానుభావుడు కూడా ఒకడున్నాడు.

ఇంత నిష్ఠగల మనిషికి విధి ఎవరిని అల్లుడిగా తెచ్చిందంటే, ఒక హుకర్‌ని.

తొమ్మిదేళ్ల కిందటి మాట. ప్రపంచ కప్పు అర్హత పోటీకి రెండో నంబరు జెర్సీ ఒకటి, ఆశించినవారు ఇద్దరు: ఒకరు అల్లుడు, మరొకరు అగ్నిమాపక దళంలో పనిచేసే ఫైర్‌మన్. కూతురు మూడు వారాలపాటు మొగుణ్ణి హాల్లో వంచి, నడుం మీద కప్పు పెట్టి, చేతి గడియారం చూస్తూ కూర్చుంది. పాపం, వాళ్ల తివాచీకి రంగే మారిపోయింది.

పరీక్ష రోజున గోడగారు ఎన్నడూ లేనిది కెటిల్ తానే అందుకున్నారు. యాభై ఏడో లెక్క దగ్గర అల్లుడి సాసరులో ఒక్క చుక్క పడింది. జెర్సీ ఫైర్‌మన్‌కి రాసేశారు.

ఆ సాయంత్రం నుంచి కూతురు ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో ఇల్లాలు కంచం పెట్టే చప్పుడుకే ఆయన ఆకలి చచ్చిపోయేది. నాలుగు రోజులు ఆఫీసులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. జాబితా శుక్రవారం మధ్యాహ్నం పైకి వెళ్లిపోవాలి. గురువారం మామ్మ టీ తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఫైర్‌మన్‌కి ముప్పావు పోశారు. అల్లుడికి అంచు దాకా పోశారు. ఎవరో ఏదో అంటారని ఆ పిల్లాణ్ణి ముంచారు బాబూ."

"చూశావా మామ్మా?"

"చూడాలా? కెటిల్ నాది. బరువు తెలీదూ?"

గోడగారు కప్పు పక్కకు జరిపి జాబితా ముందుకు లాక్కున్నారు. "పక్షపాతం చూపించకూడదని..." అన్నారు. ఇంకొకరైతే జాబితా పంపేసి ఊరుకునేవారే. ఆయన శుక్రవారం పొద్దున్నే కమిటీనీ ఆటగాళ్లనూ మైదానంలో నిలబెట్టి, తన తప్పు తానే చెప్పుకుని, మళ్లీ పరీక్ష పెట్టించి, కెటిల్ మామ్మ చేతికిచ్చారు.

ఇద్దరికీ ముప్పావే. ఇద్దరిదీ ఒలకలేదు. కమిటీ వాళ్లు మొహమొహాలు చూసుకుంటుంటే ఫైర్‌మన్ తల గోక్కుంటూ ముందుకొచ్చాడు.

"సార్, మొన్న నా సాసర్లో రెండు చుక్కలు పడ్డాయి. మీరు అల్లుడుగారి కప్పు మీదే కళ్లు పెట్టారు గానీ నాది చూడలేదు. నేనూ నోరు మూసుకున్నాను."

అలా రెండో నంబరు అల్లుడికి వచ్చింది. ఆట మధ్యలో మారడానికి ఉంచే పదహారో నంబరు ఫైర్‌మన్‌కి దక్కింది. అల్లుడు అరవై నిమిషాలు ఆడాడు, ఫైర్‌మన్ మిగతా ఇరవై. చివరి స్క్రమ్‌లో బంతి మనవైపే వచ్చింది, మూడు పాయింట్ల తేడాతో గెలిచాం. వియ్యపురాలు మాత్రం ఆటంతా కళ్లు మూసుకునే కూర్చున్నారు.

జనం మైదానంలోకి దూకుతుండగా కూతురు ఫ్లాస్కు పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. మూత నిండా, అంచు దాకా పోసి చేతిలో పెట్టింది. "ఒలక్కుండా తాగండి నాన్నా," అంది. ఎనిమిది మంది తోసినా కదలని మనిషి టీ సగం చొక్కా మీద పోసుకున్నారు. ఆ చొక్కా ఇప్పటికీ ఉతకనివ్వరని ఇల్లాలి ఫిర్యాదు.

ఈ నెలాఖరుతో విశ్రాంతి తీసుకుంటున్న గోడగారు నడుం వంగక, మోకాళ్లు నొప్పి ఎరగక, ధర్మపత్నీ సమేతంగా నిండు నూరేళ్లు సుఖంగా ఉండాలి. కూతురు పోసే కప్పు రోజూ అంచు దాకా ఉండాలి. చుక్క ఒలికిందో లేదో ఇక ఎవరూ లెక్క చూడకూడదు. కెటిల్ టీ గదిలో తన మేకుకే వేలాడుతూ ఉంటుంది. ఇటువైపు వచ్చినప్పుడల్లా ముప్పావు సిద్ధం.

— టీ గది మామ్మ