చెర్నాకోల ఇయ్యనన్న ఆదెమ్మ

ఆదెమ్మ అని ఒకామె ఉండేదంట. మొగుడు పోయినాక ఆసామి నరసింగయ్య బావి మీద మోట తోలేది. మోటంటే మీకేం తెలుసులే, మీట నొక్కితే నీళ్ళొచ్చే కాలం మీది! ఎడ్లను తోలుకుంటా తోలు బొక్కెనతో బావిలో నీళ్ళు పైకి లాగాల, పొద్దస్తమానం. ఆడది మోట తోలేదేందని మొదట్లో నవ్వారు, తర్వాత నోళ్ళు మూసుకున్నారనుకో. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుండేదంట. పనిలో పెట్టుకునే రోజు ఆసామి పదిమందిలో ఎడ్లను అదిలించే చెర్నాకోల చేతికియ్యాల. తీసెయ్యాలంటే మళ్ళా పదిమందిలోనే తప్పేందో చెప్పి, తన చేత్తో వెనక్కి తీసుకోవాల. అది తప్పేనని ఆ పదిమందీ ఒప్పుకోవాల. అందాకా ఆ బావి మీద పని ఆ మనిషిదే.

ఏమైందంటే, పంట ఇంటికొచ్చినా ఆదెమ్మకి కూలి జొన్నలు కొలవలా. ఇయ్యాల రేపని తిప్పుతున్నాడు. ఇంట్లో పిల్లలు, పొయ్యిలో పిల్లి లేవలా. పోయి గుమ్మంలో నిలబడి, అయ్యా నా జొన్నలు కొలవండి అందంట. నా గుమ్మంలోకొచ్చి నన్నే అడుగుతావా, రేపట్నించి రావొద్దు పో, అని తలుపేసుకున్నాడు. ఏడవలా అనను, ఏడ్చింది. తెల్లారి మొహం కడుక్కుని బావికాడికే పోయింది. ఆడ ఆసామి బామ్మర్ది ఎడ్లు కడతన్నాడు. చెర్నాకోల ఇటియ్యి అన్నాడు. ఇయ్యనంది. "ఎవురిచ్చారో వాళ్ళనే రమ్మను. నేనేం తప్పు చేశానో చెప్పి తీసుకోమను" అని ఎడ్లకడ్డంగా కూచుంది.

ఆసామి ఊగిపోతా వచ్చాడు. చుట్టూ బావులన్నీ ఆయనయ్యే, మోటలాపి అందరూ మూగారు. ఎడ్లను చావబాదుతంది అన్నాడంట. ఎడ్ల వీపులు చూశారు, ఒక్క వాత లేదు. పొద్దెక్కి వస్తది అన్నాడు. పక్క బావి గురవయ్య, "మాకంటే ముందు వినపడేది ఆమె మోట చప్పుడే గదయ్యా" అన్నాడు. ఆదెమ్మ వదల్లా. చెప్పండయ్యా, నేనేం చేశాను, చెప్పండి అని నిలదీసింది. ఆయనకి కోపంలో నిజం నోరు జారింది. "కూలి అడిగింది! నన్ను! అదీ తప్పు!"

అది తప్పేనని ఒక్కరూ ఒప్పుకోలా. గురవయ్య ముందుకొచ్చి తన చెర్నాకోల చాపాడంట. "నాకూ రావాలయ్యా జొన్నలు. నేనూ అడుగుతున్నా. అది తప్పైతే ఇదీ తీసుకోండి." వాడెనక ఇంకొకడు, వాడెనక ఇంకొకడు. అన్నీ తీసుకుంటే ఇంకా కాపు మీదున్న ఆయన మిరపతోట తడిపేదెవురు, బామ్మర్దా? ఆసామి చెయ్యి చాపలా. సరే, పోయి పని చూసుకోండి అని గొణిగాడు. అప్పుడన్నా లేచిందా ఆదెమ్మ? లేవలా! జొన్నలు ఈడికే తెచ్చి కొలిస్తే లేస్తానంది. తెచ్చారు. ఆమెకీ కొలిచారు, అందరికీ కొలిచారు.

అయిపోయింది, ఇంతే. ఏరా కొండలూ, తల దించుకుంటావేంది? మిల్లులో నిన్ను రావొద్దన్నారంటివే, ఎందుకని అడిగావా? అడగలా! మరి నా ముందు కూచుని ఊ కొడతావేందిరా? లే. పోయి అడుగు. ఒక్కడివే పోమాక, నీతో పనిచేసేవాళ్ళనీ పిలుచుకు పో.