తాళం కన్నంలోంచి నలభై కాపురాలు

తాళాలు బాగుచేసే ఆయన నోటికి మాత్రం తాళం ఎక్కడా దొరకదు. ఆ గురువారం మూడు గంటలప్పుడు టీ కొట్టు బెంచీ మీద పనిముట్ల సంచీ దించి కూర్చున్నాడో లేదో, మొదలెట్టాడు. వినడానికి నేనున్నాను, టీ మాస్టారున్నాడు, రోజూ వచ్చే దర్జీ ఉన్నాడు. మూల స్టూలు మీద తాళాలాయన భార్యకి అన్న, బస్సు డ్రైవరు, యూనిఫారంలోనే కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"మీ చెల్లెమ్మ సరదాగా నాలుగు రోజులు వాళ్లన్న ఇంటికెళ్లింది కాబట్టి ఖాళీ దొరికింది, లేకపోతే నాకు తీరికెక్కడిది? నేను కోతలు కోసేవాణ్ణి కాదు, ఉన్నదున్నట్టు చెప్తా. పోయిన నెల మూడో వీధిలో, మొగుడూపెళ్లాల తగాదాలు సర్దే కౌన్సెలింగ్ ఆఫీసు లేదూ, అక్కడ తలుపు బిగుసుకుపోయిందని కబురొచ్చింది. లోపల మేడమ్, ఒక జంట ఇరుక్కుపోయారు. వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నా. అంతే, చిన్న పని."

"తీసేశావా?" అన్నాడు దర్జీ.

"ఎక్కడ తీయనిచ్చారయ్యా! లోపల ఆయన ఫ్యాను అయిదులో పెట్టాలంటాడు, ఆవిడ రెండులో పెట్టాలంటుంది, పదకొండేళ్ల నుంచీ అదే గొడవ. నేను తాళం కన్నానికి నోరు పెట్టి అన్నా: 'బాబూ, ముందు ఆవిడ ఏమందో అది చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పు. ఆవిడ "అవును, అదే" అనేదాకా నీ మాట ఎత్తకు.' ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన తిరిగి చెప్పాడు. ఆవిడకి కావలసింది ఫ్యాను కాదట, చలేస్తోందా అని ఒక్కసారి అడగడమట! ఇద్దరూ ఏడ్చిన ఏడుపుకి తలుపు కింద నుంచి నీళ్లొచ్చి నా ప్యాంటు తడిసింది."

"ఆ రూలు నువ్వే కనిపెట్టావా?" అన్నా నేను.

"మరెవరనుకున్నావ్? మేడమ్ లోపల నుంచి దణ్ణం పెట్టి, 'అన్నా, సాయంత్రం దాకా తలుపు తియ్యకు' అంది. ఈలోగా కబురు పాకింది. మెట్ల మీద నలభై జంటలు! తాళంలో ఒక్కో స్క్రూ విప్పుతూ ఒక్కో కాపురం బిగించా."

"తాళంలో నలభై స్క్రూలుంటాయా?"

"ఆ రోజు ఉన్నాయి. మధ్యలో అడ్డు రాకు. పెళ్లి కాని గుమస్తా ఒకడొచ్చి, రాబోయే పెళ్లాంతో పడబోయే గొడవ ముందే సర్దుకుని ఈలేసుకుంటూ వెళ్లాడు. కిటికీ మీద ఎడమొహం పెడమొహంగా కూర్చున్న పావురాలు నా మాట విని ముక్కూ ముక్కూ ఆనించాయి. చివరికి విడాకులిచ్చే జడ్జిగారే వచ్చి, నా పనిముట్ల పెట్టె మీద కూర్చుని 'నాదీ కాస్త చూడవయ్యా' అన్నారు. చూశా. మర్నాటి నుంచి ఆ కోర్టులో కేసుల్లేవు. ఇప్పుడక్కడ షటిల్ ఆడుకుంటున్నారు."

టీ మాస్టారు నవ్వాపుకోలేక గరిటె వదిలేశాడు. నాకూ నవ్వొచ్చింది. ఆయన చెప్తుంటే అబద్ధమని తెలిసినా లేవబుద్ధి కాదు.

అప్పుడు డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు.

"బావా, రూలు బాగుంది. ఆదివారం మా ఇంటికి బయల్దేరేముందు మా చెల్లి గుమ్మంలో నిలబడి నీతో ఒక మాటంది. అదేంటో తిరిగి చెప్పు."

"ఆఁ... ఏముంది, పాలవాడు..."

"కాదు."

"గ్యాసు అయిపోవచ్చిందని..."

"కాదు."

తాళాలాయన మా ముఖాలు చూశాడు, మేమేదో అందిస్తామన్నట్టు. మా దగ్గరేముంది? పాపం అనిపించింది.

"నీకు గుర్తుండదులే" అన్నాడు డ్రైవరు. గొంతులో కోపం లేదు. "అప్పుడు నువ్వు పక్కింటాయనకి ఈ తాళం కథే చెప్తున్నావట. మా చెల్లి ఈ కథ మీ ఇంట్లో తొమ్మిదిసార్లు వింది. అందులో ఆ రూలొక్కటే నమ్మింది. ఆ మేడమ్ దగ్గరికి తనే వెళ్లి గురువారానికి టైము అడిగొచ్చింది కూడా. నీతో ఏమందంటే: 'మీ కథలన్నీ విన్నాను. నా మాట ఒక్కటి వినడానికి గురువారం నాలుగింటికి ఆ మేడమ్ దగ్గరికి రండి. రాకపోతే మళ్లీ అడగను, ఇంటికీ రాను.'"

గోడ గడియారంలో నాలుగుకి పావు తక్కువైంది.

"సరదాగా వెళ్లిందనే అనుకున్నానురా" అన్నాడు తాళాలాయన, మెల్లగా. "నిజంగా అలాగే అనుకున్నా." లేచి నిలబడ్డాడు. "చెప్పి చూస్తా, ఉండు. 'మీ కథలన్నీ ఇష్టంగా విన్నాను...'"

"ఇష్టంగా అనలేదు."

ఆయన తల వంచుకున్నాడు. చెయ్యి దానంతటదే సంచీ పట్టీని బిగించి పట్టుకుంది.

"'మీ కథలన్నీ విన్నాను. నా మాట ఒక్కటి వినడానికి గురువారం నాలుగింటికి ఆ మేడమ్ దగ్గరికి రండి. రాకపోతే మళ్లీ అడగను... ఇంటికీ రాను.'"

"అవును, అదే" అన్నాడు డ్రైవరు. "వెళ్లు. తాళం నువ్వు బాగు చేసిందేగా, తలుపు తేలిగ్గానే తెరుచుకుంటుంది."

సంచీ మాకు అప్పగించి, టీ సగంలోనే వదిలేసి, ఆయన మూడో వీధి వైపు గబగబా నడిచాడు. మలుపు తిరిగేదాకా పెదవులు కదులుతూనే ఉన్నాయి. కొత్త కథేమీ అల్లడం లేదు, ఆవిడ మాటే వల్లె వేసుకుంటున్నాడు.